కృపామణి ఎక్కిన గాజు కాటా

"నలభై ఒకటా?" అంది కృపామణి గాజు పలక మీద నుంచి దిగకుండానే. "నలభై ఒకటి ఏందే? కేజీలా?"

"కేజీలు డెబ్భై ఎనిమిది. ఇది శాతం అమ్మా. ఒంట్లో కొవ్వు," అంది సుస్మిత, ఫోను మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "నూటికి నలభై ఒకటి."

కారంపూడి బస్టాండు వెనక వీధిలో, రెండు గదుల ఇంటి వరండాలో పడింది ఆ మాట. కృపామణి కుట్టు మిషను పట్టుకుని కిందికి దిగింది. తన ఒంటిని భుజాల నుంచి పాదాల దాకా చూసుకుంది, ఎవరిదో చీర పొరపాటున తన మీదికొచ్చినట్టు.

"అంటే నేను దాదాపు సగం నెయ్యి డబ్బానా?"

"ఇంకోటి కూడా ఉంది. ఒంటి వయసు అరవై మూడంట."

"నాకు నలభై తొమ్మిదే గదా! పద్నాలుగేళ్ళు ఎవుడు కలిపాడే?"

మెట్ల మీద కూర్చుని చెప్పులు విడుస్తున్న ఆమె మొగుడు నెహెమ్యా నవ్వాడు గానీ, లోపల అతనికీ గతుక్కుమంది. అంకె అంటే అతనికి గౌరవం. ఊరి చివరున్న పత్తి మిల్లులో ముప్ఫై ఏళ్ళుగా కాటా దగ్గర పని. చుట్టుపక్కల రైతులందరికీ అతను కాటా నెహెమ్యానే.

పత్తి తూకంలో మోసమంతా నీళ్ళతోనే జరుగుతుంది. ముందు రోజు సాయంత్రం పత్తి మీద నీళ్ళు జల్లి, పైన పొడిది కప్పి తెస్తే ట్రాక్టరుకి ఎంత లేదన్నా క్వింటా బరువు కలిసొస్తుంది. దాన్ని పట్టుకోవడానికి నెహెమ్యాకి ఒక పద్ధతి ఉండేది. చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, లోడు మధ్యలోకి మోచెయ్యి మునిగేలా దూర్చేవాడు. గుప్పెడు పత్తి లోపలి నుంచి లాగి, పిడికిట్లో గట్టిగా పిసికి, వేళ్ళు విప్పేవాడు. పొడి పత్తి అయితే ఊపిరి పీల్చుకున్నట్టు మళ్ళీ పొంగుతుంది. తడిదైతే వేళ్ళ గుర్తులతో ముద్దలా అలాగే పడుంటుంది. ఆ ముద్దని రైతు ముఖం ముందు పట్టుకుని మాట్లాడకుండా నిలబడేవాడు. మాట అవసరం ఉండేది కాదు.

ఐదేళ్ళ కింద మిల్లుకి తేమ మీటరు వచ్చింది. రెండు సూదులు పత్తిలో గుచ్చితే చిన్న అద్దంలో శాతం వస్తుంది. "ఇక నీ పిడికిలి ఎందుకు, తగాదాలెందుకు, మీటరు చెప్పిందే మాట," అన్నాడు యజమాని. మొదట్లో నెహెమ్యాకి చిన్నతనంగా అనిపించింది. తర్వాత సుఖంగా అనిపించింది. రైతు ఎంత అరిచినా అద్దం చూపించి, "నేను చెప్పలా, మిషను చెప్పింది," అనేస్తే సరి. క్రమంగా చొక్కా చేతులు మడవడం మానేశాడు.

సత్తెనపల్లిలో ఫోన్ల షాపులో పనిచేసే కూతురు, తల్లి పుట్టినరోజుకని గాజు కాటా తెచ్చి వరండాలో పెట్టినప్పుడు, అందుకే దాన్ని అందరికన్నా ముందు నమ్మింది అతనే.

"ఏమే, నువ్వు జాకెట్లు కుట్టే టేపు అబద్ధం చెప్పుద్దా? ఇదీ అంతే. మిషను," అన్నాడు.

కృపామణి పల్నాటి ఆడవాళ్ళ ఒళ్ళన్నీ తెలిసిన మనిషి. పాతికేళ్ళుగా ఆ వరండాలో ఆమె టేపు చుట్టని భుజం ఆ వీధిలో లేదు. ఎవరు చిక్కారో, ఎవరు నీళ్ళోసుకున్నారో వాళ్ళింట్లో వాళ్ళకంటే ముందు ఆమెకి తెలిసేది. తెలిసినా బయటికి పొక్కనిచ్చేది కాదు. కొలత రాసుకుంటూ, "ఒక కుట్టు వదులుంచుతాలే వదినా," అనేది, అంతే. నోరు మాత్రం పెద్దది. నవ్వితే ఆ చివర కిరాణా కొట్టు దాకా వినిపించేది.

అలాంటి మనిషికి నలభై ఒకటి అన్న అంకె ముల్లులా గుచ్చుకుంది. మర్నాటి నుంచి పొద్దున్నే నాగులేటి వంతెన దాకా నడక. రెండు పూటల అన్నం ఒక పూటకి వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యి గుడి నుంచి రాగానే స్త్రీల సమాజం వాళ్ళు సగం మంది ఆ వరండాలోనే తేలేవాళ్ళు, కాటా ఎక్కడానికి.

ఎదురింటి విజయలక్ష్మి రైతు కుటుంబం మనిషి, పత్తి ఏరి ఏరి కాళ్ళు పగిలినది. ఆమె ఎక్కితే ముప్ఫై ఆరు చూపించింది. "నా మొహం, ఇది ఎప్పుడన్నా చేలో దిగిందా ఏందీ, పని చేసేవాళ్ళకి కొవ్వెక్కడిది?" అని విసుక్కుని, పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చి తడి కాళ్ళతోనే మళ్ళీ ఎక్కింది. ముప్ఫై మూడు.

"ఓర్నీ! కాళ్ళు కడుక్కుంటే మూడు శాతం పోయింది!"

"రోజంతా కాలవలో నిలబడు వదినా, సాయంత్రానికి చీపురుపుల్లవై వస్తావు," అంది కృపామణి. వరండా అంతా పగలబడి నవ్వింది.

నెహెమ్యా ఎక్కితే అసలు అంకే రాలేదు. బరువు చూపించి, కొవ్వు దగ్గర రెండు గీతలు గీసి ఊరుకుంది. అరికాళ్ళు అంత బండబారిపోయాయి. "మీ నాన్నకి కొవ్వు నాలిక మీదే ఉందిలేవే, కాళ్ళల్లో ఎట్టా దొరుకుద్ది," అంది కృపామణి.

"తడి కాళ్ళతో ఎక్కకూడదు, తుడుచుకోవాలి. రాసుంది," అంది సుస్మిత.

తడి తగిలితే అంకె తగ్గుతుంది. ముప్ఫై ఏళ్ళు తడితో బతికిన నెహెమ్యా ఆ సంగతి కళ్ళారా చూశాడు. చూసి నవ్వాడు. తర్వాతి రోజుల్లో అతన్ని కుళ్ళబొడిచింది ఆ నవ్వే.

రెండు నెలలకి కృపామణి నాలుగు కిలోలు తగ్గింది. కొవ్వు ముప్ఫై ఎనిమిదికి దిగింది. ఆ వారం వీధిలో అందరికీ టీలు పోసింది. తర్వాత బరువు ఆగి, మెల్లగా పైకి పోవడం మొదలుపెట్టింది. డెబ్భై నాలుగు నుంచి డెబ్భై ఆరు, డెబ్భై తొమ్మిది. కృపామణి బెంబేలెత్తింది. అన్నం ఇంకా తగ్గించింది. అయితే సుస్మిత ఆమె ఫోన్లో ఎక్కించిపోయిన కాటా యాప్‌లో కొవ్వు గీత మాత్రం దిగుతూనే ఉంది. ముప్ఫై ఆరు, ముప్ఫై మూడు. దాని పక్కన కండ అన్నచోట పచ్చరంగు గీత, ఎగబాకుతూ.

"భయపడమాక అమ్మా," అని కూతురు ఫోన్లో చెప్పింది. "కొవ్వు పోయి ఆ చోట్లో కండ పడతంది. కండ బరువు గదా, అందుకే కేజీలు పెరుగుతున్నాయి. చానామందికి ఇట్టాగే అవుద్దంట."

ఆ మాట ఇంట్లో వేదవాక్కు అయిపోయింది. వంతెన దాకా నడిచే మనిషి సగం దారిలో రాయి మీద కూలబడితే, కండ పడుతున్న అలసట. పాదాలు బిగిసి చెప్పులు పట్టకపోతే, నడక వల్ల వాపు. పడుకుంటే ఆయాసమొచ్చి రెండో దిండు పెట్టుకుంటే, చలికాలం. ప్రతిదానికీ ఒక జవాబు దొరికింది. అన్ని జవాబుల వెనకా ఆ పచ్చగీత ఉంది.

ఒకరోజు కృపామణి తన జాకెట్టు తనే కొలుచుకుంది. చేతులు సన్నబడ్డాయి, నడుము రెండంగుళాలు పెరిగింది. మళ్ళీ కొలిచింది. మళ్ళీ రెండంగుళాలే.

"ఏమయ్యా, ఈ టేపు సాగినట్టుందయ్యా. పాతబడింది," అంది.

నెహెమ్యా సంతకెళ్ళి కొత్త టేపు తెచ్చాడు. కొత్తది కూడా రెండంగుళాలే ఎక్కువ చెప్పింది. టేపు సాగితే కొలత తగ్గి కనపడాలి గానీ పెరగదు. పాతికేళ్ళు టేపు పట్టిన మనిషికి అది తెలియని విషయం కాదు. కానీ ఫోన్లో అంకె ముప్ఫై ఒకటి అని చెబుతుంటే ఆమె చేతిలో టేపుకి విలువ లేకుండా పోయింది. జాకెట్టు పక్క కుట్లు విప్పి, వదులు చేసుకుని తొడుక్కుంది.

ఆ రోజు ఆదివారం, మధ్యాహ్నం. పొద్దున కొవ్వు ఇరవై తొమ్మిది చూపించింది. సుస్మిత ఆ వారం ఇంటికొచ్చి ఉంది. "అమ్మా, ముప్ఫై లోపలికొచ్చావు!" అని ఎగిరి గంతేసి, తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీసింది. ఆ ఫోటోలో కృపామణి ముఖం ఉబ్బి, కళ్ళు చిన్నవై ఉన్నాయి. నవ్వు మాత్రం పాతదే.

భోజనాలయ్యాక ఆమె వరండాలో బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. "కాళ్ళు లాగుతున్నాయయ్యా," అంది.

నెహెమ్యా ఆమె పాదం ఒళ్ళో పెట్టుకున్నాడు. చల్లగా ఉంది. చీలమండ మీద బొటనవేలు పెట్టి నొక్కుతూ, వచ్చే వారం మిల్లుకి రాబోయే లోడ్ల గురించి ఏదో చెబుతున్నాడు. వేలు తీశాడు.

అక్కడ గుంట పడింది.

 గుంట పూడుతుందేమోనని చూశాడు. పూడలేదు. బొటనవేలంత లోతుగా, అంచుల్తో సహా అచ్చుగుద్దినట్టు ఉండిపోయింది. ఇంకోచోట, ఎముక పక్కన నొక్కాడు. ఇంకో గుంట. రెండో కాలు అందుకుని నొక్కాడు. అక్కడా గుంటే.

"ఏందయ్యా, పిండి పిసికినట్టు పిసుకుతున్నావు?"

 ముప్ఫై ఏళ్ళలో కొన్ని వేలసార్లు తన అరచేతిలో చూసిన గుర్తు అది. వేళ్ళు తీశాక కూడా పైకి లేవని గుర్తు.

"సుస్మితా!" అని అరిచాడు. వంటింట్లో గిన్నె కిందపడిన చప్పుడు. "ఆటో పిలువు. ఇది కండ కాదే. మీ అమ్మ తడిసిపోయింది."

నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టరు ఆయేషాకి నలభై ఏళ్ళలోపే ఉంటాయి. స్టెతస్కోపు పెట్టీ పెట్టగానే ఆమె ముఖం మారింది. పరీక్షలయ్యాక నెహెమ్యానీ సుస్మితనీ గదిలోకి పిలిచింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"మూడు నెలలు..." అన్నాడు నెహెమ్యా.

"మూడు నెలలా! గుండె సరిగా పంపు చేయడం లేదు బాబాయ్. బీపీ ఎప్పటినుంచో ఉండి ఉంటుంది, ఎవరూ చూసుకోలేదు. కాళ్ళ నిండా, పొట్టలో, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆయాసపడే మనిషిని మూడు నెలలు ఎలా ఉంచారు ఇంట్లో?"

సుస్మిత ఏడుస్తూ ఫోను తీసి చూపించింది. డాక్టరు వేలితో గీతలు జరుపుకుంటూ పోయింది. కొవ్వు నలభై ఒకటి నుంచి ఇరవై తొమ్మిదికి. కండ పైపైకి. అంతా పచ్చరంగు. 

"ఈ మిషను కొవ్వుని చూడదమ్మా," అంది చివరికి, నెమ్మదిగా. "చూసే దారి దానికి లేదు. ఒక కాలి నుంచి రెండో కాలికి మనకి తెలియనంత సన్నగా కరెంటు పంపుతుంది. నీళ్ళున్నచోట కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. ఎంత సులువుగా పోయిందో చూసి, దానికి వయసు, ఎత్తు, బరువు కలిపి ఒక ఊహ చేస్తుంది. ఏ రోగం లేనివాళ్ళకే నాలుగైదు శాతం అటూ ఇటూ అవుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. నీళ్ళు తాగినా, చెమట పట్టినా మారుతుంది. ఇంక ఒంట్లో నీరు చేరితే ఆ నీరంతా దానికి కండలాగే కనపడుతుంది."

నెహెమ్యా కుర్చీ అంచు పట్టుకున్నాడు. తేమ మీటరు పాడైనప్పుడు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు చెప్పిన మాట గుర్తొచ్చింది. రెండు సూదుల మధ్య కరెంటు పోతుంది బాబాయ్, తడి ఎక్కువుంటే ఎక్కువ పోద్ది, అంతే దీని కథ.

"అంటే," అన్నాడు. కుర్చీ ముందుకి జరుపుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. "అంటే మా ఆవిడ రోజూ ఎక్కింది తేమ మీటరమ్మా. నేను రోజూ పట్టుకునేదే. మా మీటరు తడిని తడి అని చెప్పుద్ది. ఇది తడిని కండ అని చెప్పింది. నేను పక్కనే కూర్చుని నవ్వాను."

"మీ తప్పు కాదు బాబాయ్."

"మా ఊరి రైతు యల్లమంద పత్తి మీద చెంబుడు నీళ్ళు జల్లితే పట్టుకున్నోణ్ణమ్మా నేను."

సూదుల మందుతో నీరు దిగడం మొదలైంది. ఎనిమిది రోజుల్లో తొమ్మిది కిలోలు. మంచం పక్కన కూర్చుని నెహెమ్యా నమ్మలేనట్టు చూస్తుండేవాడు. ఉబ్బిన బుగ్గల కింద నుంచి పెళ్ళాం ముఖం రోజుకింత బయటికొచ్చింది. పాదాల మీద ఎముకలు కనపడ్డాయి. ఐదోరోజు ఆమె అతన్ని సైగతో దగ్గరికి పిలిచింది.

"ఏమయ్యా. టేపు సాగలేదు గదా?"

"లేదే. టేపు బానే ఉంది."

"పాపం, దాన్ని పారేశాను," అంది.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున, వద్దంటున్నా వినకుండా కృపామణి గాజు కాటా ఎక్కింది. బరువు డెబ్భై నాలుగు. సుస్మిత భయపడుతూ ఫోను తెరిచింది. కొవ్వు నలభై రెండు. ఎర్రగా, గంట బొమ్మతో సహా. మీ ఆరోగ్యం వెనక్కి పోతోంది అని కింద ఒక హెచ్చరిక.

"చూడవే దీని మొహం!" అంది కృపామణి. "చచ్చేదాన్ని బాగున్నావంది, బతికొస్తే తిడతంది!" అని నవ్వబోయి దగ్గింది.

నెహెమ్యా గాజు కాటాని ఎత్తి బయట పారేయబోయాడు. పారేసేవాడే. డాక్టరు చెప్పిన మాట అడ్డొచ్చింది. బరువు వరకు ఇది బాగానే చూపిస్తుంది, రోజూ పొద్దున్నే చూడండి, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టే, వెంటనే తీసుకురండి అంది ఆమె. అందుకని కాటా ఉండిపోయింది. ఫోన్లో ఉన్నదంతా సుస్మితతో తీయించేశాడు. పలక మీద కనపడే కిలోల అంకె ఒక్కటే మిగిలింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో పొద్దు ఒకే తీరున మొదలయ్యేది. కృపామణి కాటా ఎక్కేది, దిగి బల్ల మీద కూర్చునేది. నెహెమ్యా మోకాళ్ళ మీద వంగి, చీలమండ మీద బొటనవేలు నొక్కి, తీసి, చూసేవాడు. గుంట పడకపోతే అప్పుడు మిల్లుకి బయలుదేరేవాడు.

"ఏం సారూ, లోడు దించుకుంటారా?" అనేది ఆమె.

"పొడిగానే ఉంది. దించండి."

ఎదురింటి నుంచి విజయలక్ష్మి, "ఏం సరసమయ్యా మీది పొద్దున్నే, సిగ్గు లేదా?" అని కేకేసేది.

అలా రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో రెండుసార్లు వేలి కింద గుంట పడింది. రెండుసార్లూ ఆ పూటే నరసరావుపేట వెళ్ళారు, రెండుసార్లూ నవ్వుకుంటూ తిరిగొచ్చారు. ఆమె మళ్ళీ కుట్టు మిషను తొక్కింది. సుస్మిత పెళ్ళి జాకెట్టు తనే కుట్టింది, ఒక కుట్టు వదులుంచి. మూడో ఏడు పత్తి తీతలు మొదలైన వారంలో ఒక ఉదయం కాటా ఎక్కడానికి ఆమె లేవలేదు. పాదాలు పొడిగానే ఉన్నాయి. నెహెమ్యా అలవాటు కొద్దీ వేలు పెట్టి నొక్కి చూశాడు. తర్వాత ఎంతసేపు ఆ పాదం పట్టుకుని కూర్చున్నాడో, విజయలక్ష్మి వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా అతనికి తెలియదు. మూడు నెలలు తను చూడకుండా వదిలేసిన నీరు ఆ గుండెని ఎంత అరగదీసిందో డాక్టరుని అతను ఎప్పుడూ అడగలేదు.

నెల తర్వాత మళ్ళీ మిల్లుకొచ్చాడు. మొదటి లోడు యల్లమందది. మీటరు సూదులు గుచ్చితే తొమ్మిది శాతం వచ్చింది. మంచి పత్తి.

"తొమ్మిదే గదా మావా, కాటా పెట్టు మరి," అన్నాడు యల్లమంద.

నెహెమ్యా మీటరు పక్కన పెట్టాడు. చొక్కా చెయ్యి భుజం దాకా మడిచాడు. లోడు మధ్యలోకి చెయ్యి దూర్చి, లోపలి నుంచి గుప్పెడు లాగాడు.

"మళ్ళీ ఇదేంది? మిషను చెప్పింది గదా!"

నెహెమ్యా పిడికిలి బిగించాడు. విప్పాడు. వెనక ట్రాక్టరు వాళ్ళు హారన్లు కొడుతున్నారు. అతను కదల్లేదు. తెరిచిన అరచేతిలోకి చూస్తూ, పత్తి పూర్తిగా పైకి లేచేదాకా ఆగాడు.